అస్లౌగ్ వేలికి వెలిగిన పచ్చదీపం

హమార్‌లో మా కంపెనీ క్యాంటీన్ అస్లౌగ్‌ది. అరవై దాటిన మనిషి, పుట్టుకతోనే ఎడమకాలు పొట్టి. శుక్రవారం వచ్చిందంటే వేడివేడిగా వాఫిల్స్ పోసి, పైన గోధుమరంగు చీజు పరిచి, ఎవరికెన్ని కావాలో అడక్కుండానే పెట్టేది. ఈ మంచుదేశంలో పిల్లలు నడక సరిగ్గా రాకముందే మంచు మీద జారే స్కీలెక్కుతారు. ఆమె జన్మలో ఎక్కలేదు. సోమవారం మావాళ్ళు తాము ఎక్కిన కొండల గురించి గొప్పలు పోతుంటే, "నేనూ వెళ్ళాను, సోఫా దాకా" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో ఉన్న చిన్నచూపు నాకెప్పుడూ నచ్చలేదు.

మేం చేసేది గుండెపోటును పసిగట్టే చిన్న మిషను. గుండె కండరం దెబ్బతింటే అందులోని ఒక ప్రోటీను రక్తంలోకి కారుతుంది. దాన్ని పట్టుకునే యాంటీబాడీలను బంగారు పూత పూసిన పట్టీల మీద అద్దడం నా పని. రక్తపు చుక్క వేస్తే ప్రోటీను వాటికి అతుక్కుంటుంది, ఎంత అతుక్కుందో కరెంటు చెబుతుంది. గీత దాటితే ఎర్రదీపం, దాటకపోతే పచ్చదీపం. ఆ గీత ఎక్కడ గీయాలో తేలాలంటే ముందు ఆరోగ్యవంతుల రక్తం కావాలి.

ఆ పని మా పరీక్షల విభాగం పెద్ద టోర్గైర్ నెత్తిన వేసుకున్నాడు. స్కీ చేయనివాణ్ణి మనిషిగా లెక్కేయని రకం. మార్చిలో జరిగే స్కీ పందెం దగ్గర బల్ల వేయించి, యాభై కిలోమీటర్లు స్కీ చేసి వచ్చి బ్లూబెర్రీ సూపు తాగుతున్నవాళ్ళ చేతుల్లోంచి రక్తం తీయించాడు. పందానికి రానివాళ్ళది కూడా కొంత తీద్దామని నేనంటే నా వంక వింతగా చూశాడు.

"ఇంట్లో కూర్చునేవాళ్ళు ఆరోగ్యవంతులెలా అవుతారు?" అన్నాడు.

వాళ్ళ రక్తాన్ని బట్టి గీసిన గీతే మిషన్లోకి ఎక్కింది.

నవంబరులో ఒక శుక్రవారం అస్లౌగ్ పిండిగిన్నె పక్కన పెట్టి కుర్చీలో కూలబడింది. ఛాతీ బరువుగా ఉందంది. ఒళ్ళంతా చెమటలు. నేను అంబులెన్సుకి ఫోను చేయబోతే టోర్గైర్ ఆపి, మన మిషను మన దగ్గరే ఉండగా వాళ్ళెందుకని ఆమె వేలు పొడిచాడు. పచ్చదీపం వెలిగింది. చప్పట్లొక్కటే తక్కువ.

"గుండెకేం ఢోకా లేదు. నువ్వు కాస్త నడవాలి, అంతే" అన్నాడు టోర్గైర్.

ఆమె నమ్మింది. ఆస్పత్రికి వెళ్దాం పద అని నేనెంత బతిమాలినా, మిషనుకంటే నీకెక్కువ తెలుసా అని నన్నే కసిరింది. మిగిలిన పిండితో వాఫిల్స్ పోసి మరీ ఇంటికెళ్ళింది.

ఆదివారం పక్కింటావిడ ఆమెను ఆస్పత్రిలో చేర్చింది. బతికింది గానీ గుండె సగం పాడైపోయిందన్నారు. అక్కడి డాక్టరమ్మ మిషను సంగతి అడగడానికి మాకు ఫోను చేసింది. గంటల తరబడి స్కీ చేస్తే నిక్షేపంలాంటి గుండెలోంచి కూడా ఆ ప్రోటీను కారుతుందట, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుందట. మేం ఆరోగ్యం అనుకుని గీసిన గీత అలిసిపోయిన గుండెలది. అంత ఎత్తున గీస్తే, అస్లౌగ్ గుండె పాడవుతూ కూడా దాని కిందే ఉండిపోయింది.

టోర్గైర్ క్షమాపణ చెబుతాడనుకున్నాను. మిషనులో లోపం లేదు, గీత కాస్త జరిపితే సరిపోతుందని మీటింగులో తేల్చేశాడు.

వసంతంలో అస్లౌగ్ తన సామాన్లు తీసుకుపోదామని వచ్చింది. మెట్లెక్కి, ఆయాసపడుతూ క్యాంటీన్లో కూర్చుంది. పక్క బల్ల దగ్గర టోర్గైర్ కొత్త ఏర్పాటు చెబుతున్నాడు. ఈసారి స్కీ వాళ్ళు వద్దట, జూన్‌లో సైకిలు పందెం ముగించినవాళ్ళ రక్తం తీయిద్దామట. అందరూ తలలూపారు. వాళ్ళ మొహాలు చూస్తే రోత పుట్టింది నాకు.

అస్లౌగ్ మెల్లగా లేచి అతని ముందుకెళ్ళి నిలబడింది.

"పోయినేడాది మార్చిలో నా గుండె బాగానే ఉంది, టోర్గైర్. అడిగుంటే రక్తం ఇచ్చేదాన్ని."

అతను కాఫీ కప్పు పక్కకి జరిపి, వాఫిల్ పెనం ఎక్కడ పెట్టావని ఆమెను అడిగాడు.