లింకులు బావ హోటల్‌కి, జనం కఫీల్ ఇంటికి

ఒక శుక్రవారం మధ్యాహ్నం జహ్రాలో మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, ఇంటి మీదికి పదకొండు మంది భోజనానికి దిగారు. ఆయన పిలవలేదు. పిలిచింది నేను, అదీ నాకే తెలియకుండా. నా ఉద్యోగాన్ని నా చేతులతో నేనే గోతిలో పెట్టుకున్న వైనం వినండి.

అప్పట్లో నేను ఆ ఇంటి డ్రైవర్ని. అక్కడికి ముప్పై కిలోమీటర్ల అవతల ఖైతాన్‌లో మా బావ జిలానీకి నాలుగు బల్లల హోటల్ ఉండేది. రాగి సంగటి, నాటుకోడి బ్రహ్మాండంగా వండేవాడు. తినేవాళ్లే కరువు.

"ఈ నెల కూడా ఇట్లనే ఉంటే మూసేసి రాయచోటికి పోతాం ఖాదరూ" అన్నాడు. పక్కన అక్క కళ్లు తుడుచుకుంటోంది.

"నెల టైమియ్యి బావా. జనాన్ని తేకపోతే నా పేరు మార్చుకుంటా" అని తొడ కొట్టాను.

వెంటనే హోటల్‌కి ఒక వెబ్‌సైట్ చేశాను. వారం రోజుల్లో దాన్ని చూసింది నేను, బావ, మళ్లీ నేను. అప్పుడొక వీడియోలో ఒకాయన ఉపాయం చెప్పాడు. ఫోటోలు పంచుకునే సైట్లలో ఫోటోలు పెట్టి, ప్రతిదాని కింద మన సైట్ లింకు తగిలించాలట. వాటిని బ్యాక్‌లింకులంటారట. నొక్కినవాళ్లు నేరుగా మన దగ్గరికే వస్తారట. ఇక నాకు పూనకం వచ్చింది. పద్నాలుగు సైట్లలో ఖాతాలు తెరిచాను. ఇంటావిడను, అక్కడ 'మామా' అనాలి, సాల్మియాలో మాల్ దగ్గర దింపి, ఆవిడ వచ్చేదాకా కారులో కూర్చుని అదే పని. బొటనవేలు వాచింది. చూపుడువేలుతో కానిచ్చాను.

చిక్కల్లా ఒకటే. హోటల్ ట్యూబ్‌లైటు కింద ఫోటో తీస్తే సంగటి ముద్ద పంక్చరు షాపులో టైరు ముక్కలా ఉండేది.

"ఇట్లుంటే ఎవరొస్తారు బావా?"

"తినేది నోటితో రా, ఫోన్‌తో కాదు!"

ఆయనకేం తెలుసు! ప్రతి శుక్రవారం కఫీల్ తన దివానియాలో, అంటే అతిథుల సావిడిలో, స్నేహితులకు భోజనం పెట్టేవాడు. మంచమంత పళ్లెం, కొండంత అన్నం, దాని మీద దర్జాగా పొట్టేలు. మోసేది నేనే కాబట్టి దించగానే అరవై ఫోటోలు తీశాను. 'రాయచోటి రుచులు' అని బావ హోటల్ పేరే పెట్టి, లింకు తగిలించి, అన్ని సైట్లలోనూ ఎక్కించేశాను.

బావ చూసి అదిరిపడ్డాడు. "ఇది మనది కాదు కదరా!"

"నువ్వు వండలేవా ఏంది? ముందు జనం రానీ!"

జనం వచ్చారు. మరుసటి శుక్రవారమే కఫీల్ గేటు ముందు మూడు టాక్సీలు ఆగాయి.

"అన్నా, రాయచోటి హోటల్ గిదేనా?" అన్నాడు ఒక జగిత్యాలాయన.

"కాదన్నా, ఇది ఇల్లు."

"మ్యాపుల గీడనే చూపెడుతున్నది గదా! పొట్టేలు కోసం ఖైతాన్ నుంచి వచ్చినం."

"ఖైతాన్‌లో యాడ?"

చెప్పాడు. వాళ్లుండేది సరిగ్గా మా బావ హోటల్ పై అంతస్తులో!

ఆయన ఫోన్ చూస్తే నా ఫోటో కింద మ్యాపు, మ్యాపులో మా కఫీల్ గేటు. ఫోటో తీసిన చోటు చూపించమంటారా అని ప్రతి సైటూ మర్యాదగా అడిగింది. పద్నాలుగుసార్లూ ఔనని నొక్కిన మహానుభావుణ్ని నేనే. లింకు మాత్రం ఒక్కడూ నొక్కలేదు.

ఇంతలో కఫీల్ బయటికొచ్చాడు. "ఖాదర్, ఎవరు వీళ్లు?"

నా ఇఖామా, అదే నన్ను ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెక్కలొచ్చి ఎగిరిపోవడం కళ్లారా చూశాను. ఉన్నదంతా కక్కేశాను. ఆయన నన్నూ, వాళ్లనూ మార్చి మార్చి చూశాడు.

"గుమ్మం దాకా వచ్చినవాళ్లను ఆకలితో పంపితే నా పరువేం కాను? యల్లా, లోపలికి తీసుకురా."

తృప్తిగా తిని, వెళ్తూ ఫోటోల కింద రాసి పోయారు: "ఓనర్ దేవుడు. పైసా తీసుకోడు. సర్వర్‌కే ముఖంలో నవ్వు లేదు."

పై శుక్రవారం ముప్పై మంది దిగారు. మామా వంటగదికి తాళం వేసి తాళంచెవి నా ముందు ఆడించింది. కఫీల్ తీర్పు చెప్పాడు: "ఫోటోల మీద పేరు మీ బావ హోటల్‌ది. ఇకమీదట ప్రతి శుక్రవారం వచ్చి వండమను, కూలి నేనిస్తాను."

అలా ఆ కూలి డబ్బులతో మా బావ హోటల్ మూతపడలేదు, ఒక్క శుక్రవారాలు తప్ప. ఆ రోజు వంటవాడూ, తినేవాళ్లూ అందరూ జహ్రాలోనే ఉంటారు కదా!

కనుక పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో, ఏ ఫోటో తీసినా, ముందు నేను ఎవరింట్లో నిలబడ్డానో చూసుకుంటాను.