నాగన్న దించని కార్టన్

ఎగైలాలో ఒకే కువైటీ ఇంట్లో ఇరవై ఏళ్ళకు పైగా కారు నడిపి, బండి మీద ఒక్క గీత పడనివ్వని మనిషి రాయచోటి నాగన్న. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, పిల్లలను బడికి దింపిందీ ఆయనే, వాళ్ళు పెద్దయ్యాక పెళ్ళిళ్ళకు తీసుకుపోయిందీ ఆయనే. ఊళ్ళో ఐదో తరగతితో చదువు ఆగినా అరబ్బీలో బేరమాడగలడు, ఉర్దూలో తగవు తీర్చగలడు. తొంభైలో ఇరాక్ సైన్యం వచ్చిపడినప్పుడు తనతోపాటు మనవాళ్ళను కొందరిని ఎడారి దాటించి జోర్డాన్ చేర్చిన ఘనత కూడా ఆయనదే. మూటాముల్లె రోడ్డు పక్కన వదిలేసి, నీళ్ళ క్యాను ఒక్కటే చంకన పెట్టుకుని బయటపడ్డాడు. "పెట్టె పారేసినోడే బతికినాడప్పా" అంటూ ఆ కథ చెప్పని శుక్రవారం లేదు.

శుక్రవారం ఆయనకు సెలవు. బ్నీద్ అల్ గార్‌లో జగిత్యాల వాళ్ళ గదికి వచ్చేవాడు. ఆ గదిలో ఉండే దేవేందర్ ఎగైలా మాల్‌లో ఆటవస్తువుల దుకాణంలో పనిచేస్తాడు. శుక్రవారాలు ఆడుకోవడానికి గదికి ఒక ఆటను తెచ్చింది అతనే. లోకం నాశనమయ్యాక మిగిలినవాళ్ళ ఆట. పావులుండవు, గళ్ళుండవు. దేవేందర్ ఏం జరిగిందో కథలా చెబుతాడు, చుట్టూ కూర్చున్నవాళ్ళు తామైతే ఏం చేస్తారో చెప్పాలి. అది జరుగుతుందో లేదో పాచిక తేలుస్తుంది.

మొదట్లో దేవేందర్ నడిచే శవాలను పెట్టాడు, తుపాకులు పెట్టాడు. నాలుగు శుక్రవారాలు తిరక్కముందే అందరికీ విసుగొచ్చింది. దాన్ని చక్కదిద్దింది నాగన్న.

"శవాలెందుకప్పా? సముద్రం నీళ్ళను మంచినీళ్ళు చేసే కార్ఖానాలు ఆగిపోతే సాలదా? ఈ ఊరికి అంతకంటే ప్రళయం ఉండాదా?"

గ్లాసులో నీళ్ళు సగం తాగినవాడు మిగతా సగం వైపు చూసుకున్నాడు. ఆ రోజు నుంచీ ఆట వాళ్ళను పట్టుకుంది. తుపాకి దొరికితే కాల్చడమే తప్ప మరో ఆలోచన ఉండదు, గ్లాసెడు నీళ్ళు ఉన్నప్పుడు అవి ఎవరికి పోయాలనే దగ్గరే మనిషి బయటపడతాడు అనేవాడు నాగన్న. ఆటలోనూ తన పేరు నాగన్నే అన్నాడు, వేరే పేరుతో చావడం తేలికట. ఎంత బరువు మోస్తే అంత తొందరగా నీళ్ళు అయిపోవాలనే నియమం ఆయనదే. పాచిక పడ్డాక మాట మార్చకూడదన్నదీ ఆయనే. అలా కాకపోతే అది పిల్లలాట అన్నాడు.

అన్ని నియమాలు పెట్టుకుని కూడా మనవాళ్ళు ఒక పొరపాటు చేశారు. దుకాణానికొచ్చే ఇతర దేశాలవాళ్ళు ఇదే ఆటలో పాడుబడిన షాపు కనబడితే కత్తో, మందులో వెతుక్కుంటారట. వీళ్ళు మాత్రం షర్క్ పేటలో ఒక షాపు తెరిచి ఉందని దేవేందర్ అనగానే కంబళ్ళు, పాలపొడి డబ్బాలు, సబ్బులు, తలనొప్పి తైలం ఏరుకుని ఇంటికి పంపడానికి కార్టన్లు కట్టేశారు.

"దునియా ఖతమైందని జెప్తున్న గదనే! ఇంటికెట్ల పంపుతరు? విమానముందా?" అని దేవేందర్ తల పట్టుకున్నాడు.

"కట్టుకోనియ్యరాదుర. దొరికినయి ఇడిసిపెడ్తమా?" అన్నాడు కొమురెల్లి. అతను షర్క్ చేపల మార్కెట్‌లో ఐసు మోస్తాడు.

నాగన్న అయితే కార్టన్ నాలుగు పక్కలా సుబ్బరత్నమ్మ పేరు రాశానని కూడా చెప్పాడు. సుబ్బరత్నమ్మ ఆయన భార్య. పోయి ఏడాది దాటింది. కడచూపు ఫోన్‌లోనే చూసుకున్నాడు. పిల్లలు లేరు.

ఈ శుక్రవారం ఆట ముగియాలి. ముసలి కఫీల్ చనిపోయాడు, పిల్లలకు ఎవరి కార్లు వాళ్ళకున్నాయి. నాగన్న ఇక్కడ ఉండటానికి కావలసిన ఇఖామా ఇక కొట్టించరు. వచ్చే వారం ఖలాస్, ఊరికి ప్రయాణం. పోయేలోపల ఆటలోని నాగన్నను ప్రాణాలతో సరిహద్దు దాటించాలి. "తొంభైలో నిజం ఎడారే దాటినోణ్ణి, ఈ నోటిమాట ఎడారి నాకొక లెక్కా?" అని తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పుకున్నాడు.

సరిహద్దు ఇంకొక్క మజిలీ ఉందనగా నీళ్ళు అడుగంటాయి. కొమురెల్లి తన కార్టన్ ఇసుకలో దించేశానన్నాడు. దేవేందర్ నాగన్న వైపు తిరిగాడు.

"కాకా, నువ్వు గూడ దించు. దించితె అల్కగ దాటుతవ్."

"దించను."

"గదేందే? పెట్టె పారేసినోడే బతికిండని నువ్వే జెప్తివి!" అన్నాడు కొమురెల్లి.

"అప్పుడు ఇంటికాడ మనిషుండె. వట్టి చేతుల్తో పోయినా, వచ్చినావా, అదే సాలు అనింది." నాగన్న పాచిక కోసం చెయ్యి చాపాడు. "ఇప్పుడు వట్టి చేతుల్తో పోతే ఆ మాటనేదెవురు?"

దేవేందర్ పాచిక అందించాడు. నాగన్న దాన్ని అరచేతిలో చాలాసేపు ఉంచుకుని వేశాడు. అది దొర్లి మంచం కోడు దగ్గర ఆగింది. తక్కువ పడింది. దేవేందర్ గబుక్కున దాని మీద చెయ్యి మూశాడు.

"కోడుకు తాకింది కాకా, ఇది చెల్లదు. మల్లెయ్యి."

"తాకలేదు. నేను సూసినా."

"ఒక్కపారి గంతే…"

"రూలు పెట్టింది నేనప్పా. కథ నడుపు."

దేవేందర్ కథ నడిపాడు. కొమురెల్లి, మిగిలినవాళ్ళు సరిహద్దు దాటారు. వెనక్కి చూస్తే నాగన్న ఇసుకలో కార్టన్ పక్కన కూలబడి, దాని మీద తల ఆనించి ఉన్నాడు. ఎంత పిలిచినా లేవలేదు. అంతవరకు చెప్పి దేవేందర్ పాచిక తీసి జేబులో వేసుకున్నాడు.

"బాగుండాది," అన్నాడు నాగన్న. "ఇదప్పా ఆటంటే."

చొక్కా సర్దుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాక కొమురెల్లి పిలిచాడు. ఊరికి పోయేవాళ్ళ కార్టన్‌కు తాడు బిగించడం ఆ గదిలో ఎప్పుడూ కొమురెల్లి పనే.

"కాకా, నీ కార్టన్ కట్టనీకి ఎప్పుడు రావాల్నే?"

నాగన్న వంగి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు.

"నేను ఏ కార్టనూ కొనల్యా అప్పా."

మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు దూరమైంది. తర్వాత కొమురెల్లి మంచం కింద నుంచి తీసి పెట్టుకున్న తాడు ఉండను కాసేపు చేతిలో తిప్పి, మళ్ళీ లోపలికి నెట్టేశాడు.