విప్పి చూపించే పిడి

దున్నకొమ్మును రంపంతో కోస్తుంటే కాలిన వెంట్రుకల కమురు వాసన వస్తుంది. నటేశన్ నగర్‌లో మా ఇంటి ముందు షెడ్డులో నేను ఆ పని మొదలుపెట్టగానే పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటారు. వాళ్లను తప్పుపట్టను. నాకు మాత్రం ఆ వాసన తగిలితే శకుంతలక్క గుర్తొస్తుంది. చీరచెంగు నడుముకు బిగించి, ముక్కుపుడక మీద కొమ్ముపొడితో, ఆకురాయి పట్టుకుని కూర్చునేది. ఆమె పోయి మూడేళ్లయింది. ఇప్పటికీ పని కాస్త వంకరపోతే, ఆమె చూసిందేమోనని వెనక్కి తిరిగి చూస్తాను.

ముత్తియాల్‌పేటలో రెండు సైకిల్ షాపుల నడుమ ఇరుక్కున్న కొలిమి ఆమెది. కత్తిసాము చేసేవాళ్లకు అరచేతిని దారంతో కొలిచి పిడిబాకులు చేసి ఇచ్చేది. ఆ బాకుల పిడి ఊడదీయడానికి వీలుగా ఉండేది. అడుగున మర తిప్పితే కొమ్ము పిడి, తోలు బిళ్లలు, చేతికి అడ్డుగా ఉండే ఇత్తడి పట్టీ వరసగా బయటికి వచ్చేవి. చివరికి పదునైన అలుగు, పిడిలోకి పోయే దాని కాడ మిగిలేవి. ఇంత అవస్థ ఎందుకని, ఆమె దగ్గర పనికి చేరిన మొదట్లో అడిగాను.

"సముద్రం పక్క ఊరు గదా తంబీ. చెమట, ఉప్పుగాలి లోపలికి పోతాయి. పైన అద్దం మాదిరి ఉంటాది, లోపల కాడ తుప్పు తినేసి ఉంటాది. నెలకొకసారి విప్పి తుడవాల," అంది.

అందుకే ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. బాకు చేయించుకున్న మనిషే వచ్చి, ఆమె ఎదుట తెల్లగుడ్డ మీద దాన్ని విప్పి, మళ్లీ బిగించాలి. ఒక్క ముక్క మొరాయించినా ఆ రోజుకు బాకు ఇచ్చేది కాదు.

నేను ఆమె దగ్గర చేరేనాటికి నాకు ముప్పై అయిదేళ్లు. మిల్లు మూతపడి రోడ్డున పడ్డవాణ్ణి. అయినా పొగరు తగ్గలేదు. ఇన్నేళ్లు ఫిట్టర్‌గా చేశాను, ఈ ముసలామె నాకేం నేర్పుతుందిలే అనుకున్నాను. మిల్లులో మగ్గం ఆగితే, దొరికిందేదో సందులో కుక్కి, షిఫ్టు అయ్యేలోపు తిరిగేలా చేసినవాడే మొనగాడు. దాన్ని విప్పి చూసేవాడెవడూ లేడు.

ఒకసారి ఏంబలం ఊరి నుంచి ఒక వాత్తియార్ వచ్చాడు. కత్తిసాము నేర్పే గురువు, అందరూ అలాగే పిలుస్తారు. ఆయన బాకుకు పిడి మొత్తం నన్నే చేయమంది అక్క. ఎనిమిది రోజులు చేశాను. చివర్లో ఇత్తడి పట్టీ రంధ్రాన్ని ఆకురాయితో ఒకటికి రెండుసార్లు ఎక్కువ రాశాను. పట్టీ గలగలలాడింది. మొదటిసారి నమ్మి ఇచ్చిన పని. చెబితే లాగేసుకుంటుందని భయం. అక్క గుడికి పోయిన సమయం చూసి, జిగురు కలిపి సందులో పూసి, తుడిచి, మెరుగు పెట్టాను. పట్టీ అలుగుకు అతుక్కుంటే మంచి ఫిట్టింగ్ అనుకుంటారులే అని నా తెలివికి నేనే మురిసిపోయాను. జిగురు పిడిలోకీ పాకుతుందన్న ఆలోచనే రాలేదు.

మర్నాడు వాత్తియార్ గుడ్డ ముందు కూర్చుని మర తిప్పాడు. మర వచ్చింది, పిడి రాలేదు. మోకాళ్ల మధ్య పెట్టుకుని లాగాడు.

"బలే గట్టిగా ఉండాది గదక్కా. పరవాలేదు, ఇట్లే ఇచ్చేయ్. ఆదివారం ప్రదర్శన ఉండాది," అన్నాడు.

బతికిపోయాననుకున్నాను. అక్క బాకు తీసుకుని పట్టీ దగ్గర గోటితో గీకింది. నా వైపు ఒక్కసారి చూసింది.

"ఇది ఇచ్చేది లేదు వాత్తియారూ. నా కొలిమిలో తప్పు జరిగింది. పది దినాలు ఆగు."

"ఆదివారానికి?"

"ఆదివారం కర్ర తిప్పుకో."

ఆయన వెళ్లాక కొయ్యసుత్తి నా చేతికిచ్చి పగలగొట్టమంది. ఎనిమిది రోజులు నునుపు చేసిన కొమ్మును నా చేతులతోనే పగలగొట్టాను. వానాకాలం చెమ్మకు లోపల జిగురు ఆరనే లేదు, పనసపాలలా సాగుతోంది. అలాగే ఇచ్చి ఉంటే నాలుగు విసుర్లకు పట్టీ కదిలిపోయేది, బాకు చేతిలో తిరిగిపోయేది.

"ఎంత గ్యాప్ ఉన్నింది?"

"గోరు మందం అక్కా."

"చెప్పింటే ఇంకో పట్టీ చేసుకుందుము. ఒక పూట పని. యాడ నేర్చినావు ఇట్ల మూసిపెట్టేది?"

"మిల్లులో," అన్నాను. సిగ్గేసింది. రేపటి నుంచి రానని చెప్పాను.

"రాకపోతే దీన్ని ఎవురు చేసేది? వాత్తియార్‌కి మాత్రం నేను చెప్పను. నువ్వే చెప్పాల," అంది, చీపురు అందుకుంటూ.

ఆ పది రోజులూ నాకు పని కష్టమనిపించలేదు, ఆ మాట చెప్పడమే బెంగ. వాత్తియార్ వచ్చాడు. కొత్త పిడి ముక్కముక్కగా విడిపోయింది, మళ్లీ బిగుసుకుంది. ఆయన సంతోషంగా బాకును ఒరలో పెట్టబోతున్నాడు. అక్క కొలిమి వైపు తిరిగి బొగ్గులు ఎగదోస్తోంది. నేను నోరు మూసుకుంటే సంగతి అంతటితో సమసిపోయేది.

"అన్నా, పోయినసారి పట్టీ లూజుగా ఉంటే నేనే జిగురు పెట్టినాను. అక్కకి అప్పుడు తెలీదు. లోపల అది ఆరనే లేదు."

తిడతాడనుకున్నాను. ఆయన బాకును తిరిగి గుడ్డ మీద పెట్టాడు.

"ప్రదర్శనలో నాకు ఎదురుగా నిలబడేది నా కూతురు," అన్నాడు. "బాకుని దాని గొంతుకి జానెడు దూరంలో ఆపాల."

నేను బొగ్గుమూట మీద కూర్చుండిపోయాను. అక్క చెంబుతో నీళ్లిచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

ఆమె దగ్గర ఇంకా చాలా ఏళ్లు చేశాను. అలుగు కాల్చడం, నీళ్లలో ముంచి గట్టిపరచడం ఇంకెక్కడైనా నేర్చుకునేవాణ్ణేమో. ఇది మాత్రం ఆమె వల్లే అబ్బింది: బాకు కోసం వచ్చినవాళ్లను, అరచెయ్యి కొలవకముందే, సాధనలో నీకు ఎదురుగా నిలబడేదెవరని అడుగుతాను. కొందరికి వింతగా ఉంటుంది. బావమరిది అంటారు, స్నేహితుడు అంటారు. మొన్నొక కుర్రాడు మా అమ్మ అన్నాడు. కొలతల కాగితం మీద ముందు ఆ పేరు రాసుకుంటాను. బాకు అడిగినవాడి పేరు దాని కింద రాస్తాను.