మామూలే అన్నాను

జడ్చర్ల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, మాత్రల పట్టీలను డబ్బాల్లో పెట్టే లైనులో పందొమ్మిదేళ్లు పనిచేశాను. ఆడవాళ్లలో అందరికన్నా పాతదాన్ని నేనే. అందుకే ఆడవాళ్ల ఫిర్యాదులు వినడానికి కమిటీ వేసినప్పుడు నన్ను సభ్యురాలిని చేశారు. గోడకు అంటించిన కాగితంలో నా పేరు అచ్చులో చూసుకుని మురిసిపోయి, ఆ సాయంత్రం ఇంటికి మిఠాయి పట్టుకెళ్లాను. ఆ పేరు కింద ఏం రాసుందో మాత్రం పూర్తిగా చదవలేదు. ఎవడైనా చెయ్యి పట్టుకుంటేనో, ఒంటరిగా గదిలోకి రమ్మంటేనో ఫిర్యాదు వస్తుందనుకున్నాను. అలాంటివి మా దగ్గర జరగవులే అని ధీమా.

మొదటి ఫిర్యాదు కోస్గి నుంచి వచ్చిన పిల్ల ఇచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. జడ్చర్లలో ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి గది కిరాయికి తీసుకుని ఉండేది. తండ్రి లేడు, తల్లికి మోకాళ్ల నొప్పులు, ఇంట్లో జీతం తెచ్చేది ఈమె ఒక్కతే. ఫిర్యాదు మా లైను సూపర్‌వైజర్ మీద.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. మేం కలిసి పనిచేసే చోట పేర్లతో పిలుచుకోవడం తక్కువ. చుట్టరికం లేకపోయినా వరస కలుపుకుంటాం. ఒకరు అక్క, ఒకరు వదిన, ఒకరు చిన్నాయన. బావామరదళ్ల వరస కలిసిందా, ఇక ఎగతాళికి హద్దుండదు, ఎవరూ తప్పుపట్టరు. మా సూపర్‌వైజర్‌ది ఆత్మకూరు దిక్కు. నడివయసు మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. లైనులో ఉన్న ఆడవాళ్లందరికీ తనకు తానే బావ అయిపోయాడు. అందరం మరదళ్లమే.

ఆ పిల్ల నోటుబుక్కు కాగితం మీద ఆయన మాటల్ని ఉన్నవున్నట్టు రాసింది. "ఏం మరదలా, కండ్లు ఎర్రగున్నయ్, రాత్రి ఎవడు నిద్రపోనియ్యలే?" "గీ ఫ్యాక్టరీ గౌనుల అంత దాసుకొని వస్తవ్, మేమేం జూడాలె?" "మా ఇంటామె పాతదైంది, నువ్వు ఊ అంటే జాగా ఖాళీ జేపిస్త." ఇలాంటివి పన్నెండో పదమూడో ఉన్నాయి. చివర్లో ఇలా రాసింది: "నేను ఆయనను అన్నా అనే పిలిచిన. అన్న అనొద్దు, బావ అనమన్నడు. నాకు ఇష్టం లేదని మూడుసార్లు చెప్పిన."

అన్నా అనే పిలుపు మా ఆడవాళ్లకు తడిక లాంటిది. కొత్త మగవాడు ఎదురుపడగానే అడ్డం పెట్టుకుంటాం. అన్నా అన్నామంటే, నాతో ఎగతాళి వద్దు అని. ఈ సంగతి పాలమూరులో పుట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు. నాకూ తెలుసు.

విచారణ పై అంతస్తులో, ఏసీ గదిలో జరిగింది. అధ్యక్షురాలు హెచ్.ఆర్. మేడం, కోస్తా వైపు మనిషి, మా దగ్గరికి వచ్చి ఏడాది కూడా కాలేదు. బయటి సభ్యురాలిగా మహబూబ్‌నగర్ నుంచి ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ వచ్చారు. మూడోదాన్ని నేను.

ముందు సూపర్‌వైజర్‌ని పిలిచారు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేడం, మా దిక్కు వరసతోటి మాట్లాడుకుంటం. మనసుల ఏం ఉండది. ఆ పిల్ల నాకు చెల్లె లెక్క," అన్నాడు. అన్న అనొద్దన్న మనిషి ఇప్పుడు చెల్లె అంటున్నాడు. అది నా చెవికి తగిలింది. అయినా ఊరుకున్నాను.

తర్వాత ఆ పిల్ల వచ్చింది. మిమ్మల్ని ముట్టుకున్నాడా అని మేడం అడిగింది. లేదంది. ఒంటరిగా ఎక్కడికైనా రమ్మన్నాడా? లేదు, అందరి ముందరే అంటాడంది. అప్పుడు నేను కల్పించుకున్నాను. అడగకుండా ఉండాల్సింది.

"ఆయన అన్నప్పుడు అందరం నవ్వినం గద బిడ్డా. నువ్వు గూడ నవ్వినవ్."

"నవ్వకుంటే ఏం జేస్తడో అని నవ్విన అక్కా."

ఆ పిల్ల బయటికి వెళ్లాక హెడ్‌మిస్ట్రెస్ చట్టం పుస్తకం తెరిచి చదివారు. ముట్టుకుంటేనే అని లేదు, అవతలి మనిషికి ఇష్టం లేని అసభ్యపు మాట అన్నా వేధింపే అని అందులో ఉంది. మేడం నా వైపు తిరిగింది.

"నాకు తెలియక అడుగుతున్నానండీ. మా వైపు ఇలా అంటే చెంప పగలగొడతారు. మీ భాషే కొంచెం మోటు కదా. మీకిది మామూలేనా?"

నాకు ఒళ్లు మండిపోయింది. చిన్నప్పటి నుంచి ఆ మోటు అన్న మాట పడీ పడీ ఉన్నాను. మా బడికి వచ్చిన సార్లు అన్నారు, బస్సులో పక్క సీటువాళ్లు అన్నారు. మా రాష్ట్రం మాకు వచ్చాక కూడా, మా ఊళ్లో కూర్చుని, మా భాష మోటంటుందా ఈవిడ? ఆ పిల్లను నిమిషం సేపు పూర్తిగా మరిచిపోయాను.

"మోటు గీటు ఏం లేదు మేడం. మా దిక్కు ప్రేమతోటి గిట్లనే అంటరు. మామూలే," అన్నాను.

హెడ్‌మిస్ట్రెస్ నన్ను కాసేపు చూశారు. ఆవిడకు వేరే మాట చెప్పాలని ఉన్నట్టే ఉంది. "రోజూ ఆ లైనులో నిలబడే మనిషివి నువ్వు. నువ్వే మామూలంటే నేనేం అందునమ్మా," అని పుస్తకం మూసేశారు. నా భాష పరువు కాపాడాననుకుని నీళ్లు తాగాను. నేను కాపాడింది ఆయన ఉద్యోగాన్ని.

రోషం ఒక్కటే కాదు, ఇంకో కారణమూ ఉంది. అప్పుడు ఒప్పుకునే ధైర్యం లేకపోయింది. నేను చేరిన కొత్తలో ఆయన మిషన్ నడిపేవాడు. ఏడో నెల కడుపుతో నేను డబ్బాలు మోసుకుపోతుంటే నా నడక మీద అన్న మాట ఈ రోజుకీ కాగితం మీద పెట్టలేను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఈ పిల్లకు జరిగింది వేధింపని రాస్తే నాకు జరిగిందాన్ని ఏమనాలి? మామూలే అనుకుంటే ఇద్దరిదీ ఒకే దెబ్బకు తేలిపోతుంది.

"లైంగిక వేధింపు కిందికి రాదు. ఇకమీదట ఇద్దరూ మర్యాదగా మెలగాలి," అని రాశారు. ఇద్దరూ అట. దాని కింద నేను సంతకం పెట్టాను. ఆ సంతకం వెనక్కి తీసుకుంటానని కొన్నాళ్లకు రాసిచ్చాను గానీ, ఫైలు మూసేశాం అని ఒక్క ముక్క జవాబొచ్చింది.

సోమవారం పొద్దున సూపర్‌వైజర్ లైనులోకి వచ్చి నేరుగా ఆ పిల్ల ముందు నిలబడ్డాడు.

"ఇగ జూడు. కమిటీ గూడ రాసిచ్చింది. ఇగ నువ్వు నాకు ఖాయం మరదలివే."

లైనంతా నవ్వింది. నేనూ నవ్వాను. కావాలని నవ్వలేదు, అన్నేళ్ల అలవాటుకు మొహం దానంతటదే నవ్వేసింది. అప్పటికే ఆ పిల్ల నా వైపు చూస్తోంది. ఆ పిల్ల కంట్లో నీళ్లు కూడా లేవు. చేతి తొడుగులు తీసి చెత్తడబ్బాలో వేసి, టోపీ మడిచి బల్లమీద పెట్టి, గేటు దాకా ఎక్కడా ఆగకుండా నడిచిపోయింది.

భోజనాల వేళ పర్మిషన్ పెట్టి బస్టాండుకు పరుగెత్తాను. ఆ పిల్ల బట్టల సంచి పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. ఆ మర్యాదకే నాకు ఏడుపొచ్చింది.

"నౌకరి ఇడిచిపెట్టకు బిడ్డా. మీ అమ్మను ఎవరు జూస్తరు? మల్ల పైకి రాద్దం."

"నువ్వే గద అక్కా రాసింది," అంది. గొంతులో కోపం లేదు. "మా ఊర్ల నాకు సొంత బావ ఉన్నడు. ఆయన గూడ ఎగతాళి జేస్తడు. నేను గూడ తిడ్త, నెత్తిమీద నీళ్లు గుమ్మరిస్త. మా అత్త జూసి నవ్వుతది. ఈయనను నేను ఒక్క మాటన్న అనొచ్చునా అక్కా? అంటే తెల్లారి డ్యూటీ ఉంటదా?" అంది.

పందొమ్మిదేళ్లు మరదలినైన నేను ఆయన్ని ఏనాడూ ఒక్క మాట తిరిగి అన్నదాన్ని కాను.

"నిన్ను గూడ అన్నడా?"

"అన్నడు."

"నీకు మంచిగనిపించిందా?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. మా ఆయన అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. బస్టాండులో అంతమంది ముందు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లేదన్నట్టు తల ఊపాను.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"గంతే గదక్కా. గదే మాట ఆ గదిల చెప్తే అయిపోతుండె."

కోస్గి బస్సు వచ్చింది. ఆ పిల్ల సంచి భుజానికేసుకుని ఎక్కింది.