ఒక్క ఓటు ఊరికి వెళ్ళొచ్చాను

ఉదయం ఏడింటికి గుంటూరు బ్రాడీపేటలో ఆటో ఎక్కాను. చేతిలో మడతపెట్టిన గుడ్డసంచి. ఏటా మిరపకోతల రోజుల్లో మా అక్క దగ్గరికి వెళ్తాను. ఏడాదికి సరిపడా ఎండు మిరపకాయలు ఆ సంచిలో నింపకుండా ఆవిడ నన్ను ఎప్పుడూ పంపలేదు. ఈసారి మాత్రం కాయల కోసం కాదు. ముందురోజు ఫోన్లో అక్క ఏడ్చింది. "పద్మా, కాయంతా చెట్టుమీదే ఎండిపోతోందే. మరియమ్మ ముఠా కోతకి రానంటోంది. వానొస్తే మొత్తం తెల్లబడి తాలైపోద్ది. నీ మాటైతే వింటుంది, ఒక్కసారి వచ్చిపో."

మరియమ్మ, నేను పదో తరగతి దాకా ఒకే బెంచీ. ఇరవై ఏళ్ళుగా అక్కావాళ్ళ చేలో కోతకి ఆడవాళ్ళను కూడగట్టేది ఆమే. వారం కిందట పంచాయతీ ఎన్నికల్లో మా బావ సర్పంచిగా నిలబడి ఓడిపోయాడు. మర్నాడే మరియమ్మావాళ్ళ పేటకి వెళ్ళి, చర్చి ముందు నిలబడి, "మీలోనే ఎవరో అమ్ముడుపోయారు. ఇక నా చేలో కాలు పెట్టొద్దు" అని అరిచి వచ్చాడు. కోపం వస్తే మా బావకి కళ్ళు కనపడవు.

ఏడున్నరకి బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టిచ్చాడు. ఒక పెద్దాయన జరిగి చోటిచ్చి, ఏ ఊరమ్మా అని అడిగాడు. చెప్పాను.

"ఓహో, ఆ ఒక్క ఓటు ఊరా!" అని నవ్వాడు. "ఒక్క ఓటుతో ఓడాడంటగా పాపం. ఆ ఓటెయ్యనోడెవడోగానీ, వాడికి అన్నం ఎట్టా దిగుతోందో!"

దిగడం లేదు. ఆ వెయ్యనిది నేనే. నా ఓటు ఇంకా నేను పుట్టిన ఆ ఊళ్ళోనే ఉంది. పోలింగు రోజు బస్టాండు దాకా వెళ్ళాను. జనాన్ని చూసి, నా ఒక్క ఓటుతో ఏమొరుగుతుందిలే అని వెనక్కి వచ్చేశాను. సాయంత్రం బావ ఫోన్లో అడిగితే, "వేసి అట్నుంచటే వచ్చేశాను బావా" అన్నాను. నేను వేసుంటే ఇద్దరికీ సమానమయ్యేది, చీటీ తీసేవాళ్ళు. ఛీ, ఎంత పాడు నోరు నాది!

ప్రత్తిపాడులో దిగి, టీ తాగి, షేరాటో ఎక్కాను. ఊళ్ళోకి వెళ్ళేసరికి తొమ్మిదిన్నర. మబ్బు పట్టింది. టీకొట్టు దగ్గర గెలిచినవాళ్ళొక బెంచీ, ఓడినవాళ్ళొక బెంచీ. నన్ను చూసి రెండు బెంచీలూ మాటలాపాయి.

మరియమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. "రా పద్మా" అని మంచం వాల్చింది. కోత మాట ఎత్తగానే చేట పక్కన పెట్టింది.

"బూతులో మీ బావ ఏజెంటుగా కూర్చుంది నేనే. వచ్చినోళ్ళకి పేరుపేరునా టిక్కు పెట్టింది నేనే. మా పేటలో ఒక్కరు కూడా మానలా. నీ పేరు కాడ టిక్కు లేదు, పద్మా."

"మరి బావకెందుకు చెప్పలేదే?"

"ఆ కాయితం ఆయన చేతికే ఇచ్చా. అయినోళ్ళ పేర్ల వంక చూడనే లేదు. నోటితో చెప్తే మీ అక్కకీ నీకూ చెడుద్దని ఊరుకున్నా. ఆయన మమ్మల్ని దొంగల్ని చేశాక, ఆ చేలో ఎట్టా అడుగుపెట్టమంటావ్?"

చేలో అక్కా బావా ఇద్దరే కోస్తున్నారు. రెండెకరాల చేను, ఇద్దరు మనుషులు. గట్టు మీదే నిలబడి చెప్పేశాను. "బావా, ఆ ఓటు నాదే. నేను రాలేదు. అబద్ధం చెప్పాను."

అక్క చేతిలో కాయలు కింద పడిపోయాయి. బావ అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"మరియమ్మకి తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని పేట వైపు నడిచాడు. అక్క వంగి కోసుకుంటూ, "ప్రత్తిపాడులో రెండింటికి బస్సుంది" అంది. అన్నం తినమని కూడా అనలేదు.

తిరుగు ఆటో పేట మీదుగానే వచ్చింది. చర్చి ముందు, మొన్న అరిచిన చోటే, బావ తలగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంకా ఎవరూ ఇళ్ళలోంచి బయటికి రాలేదు.

మీరెవరైనా అటు వెళ్తే, ఓట్ల సంగతి ఎవరినీ అడగకండి. గెలిచినవాళ్ళ ముఖాల్లో కూడా నాకు కళ కనపడలేదు. బస్సు కదలగానే అద్దం మీద చినుకులు మొదలయ్యాయి. గుంటూరు దాకా వాన ఆగలేదు. ఒళ్ళో సంచి పొద్దున పెట్టిన మడత మీదే ఉంది.