దేవుడి గది తలుపుకు దాచిన యేగిస

నా డ్రమ్ కిట్‌కు ఏ చెక్క వాడాలో తేల్చుకున్న రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా వేళ్లు ఊరుకోవు. బస్తర్‌లో ఇనుప గనులవాళ్ల బచేలీ టౌన్‌షిప్‌లో మా పాటల బృందానికి ఉన్నది క్లబ్బువాళ్ల పాత కిట్. నాకంటూ ఒకటి కావాలి, అదీ బస్తర్ చెక్కతోనే కావాలి. మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి కాబట్టి, ముందు పరీక్ష పెట్టాను. కలప డిపోలో నాలుగు రకాల చిన్న చిన్న పాత ముక్కలు కొని, ఒకే కొలతకు కోయించి, దారంతో వేలాడదీసి తట్టి, మోత ఎంతసేపు నిలుస్తుందో ఫోన్‌లో చూశాను.

సాల్, అంటే గుగ్గిలం చెక్క, బరువెక్కువ, మోత తక్కువ. టేకు పొడిగా, మర్యాదగా పలికింది. ఇక్కడ సివ్నా అనే గుమ్మడి టేకు తేలిక. కడుపులోంచి వచ్చినట్టు లోతుగా పలికింది. బేస్ డ్రమ్‌కు, టామ్‌లకు అదే. ఇక బీజా, మా నాన్న మాటలో యేగిస, తట్టగానే గంటలా మోగింది. మళ్లీ తట్టాను. మళ్లీ మళ్లీ తట్టాను. కిట్‌లో అన్నిటికన్నా పదునుగా పలకాల్సిన స్నేర్ డ్రమ్‌కు ఇంకో చెక్క వద్దనుకున్నాను.

మా వడ్రంగి మద్దేడ్ నుంచి వచ్చిన, తెలుగు మాట్లాడే దోర్లా తెగ ఆయన. వాళ్లింట్లో ఒకే దుంగను తొలిచి డోలు చేస్తారు. నేనేమో సన్నటి బద్దలు పక్కపక్కన అతికించి గుండ్రం చేయిద్దామనుకున్నాను. నేను గీసిన బొమ్మ చూసి, "ఏంది సారూ, డోలు చేస్తున్నమా, నీళ్ల పీప చేస్తున్నమా?" అన్నాడు. ఇద్దరం కలిసి కోణాలు లెక్కేసుకున్నాక ఆయనకూ హుషారు పుట్టింది.

చిక్కు ఒక్కటే. డిపోకు కొత్తగా వచ్చిన యేగిసంతా పచ్చిది. అతికించాక ఎండితే అతుకులు విడిపోతాయి. బాగా ఎండిన పలకలు నాకు తెలిసి ఒక్కచోటే ఉన్నాయి: మా అమ్మానాన్నల మంచం కింద.

ఆంధ్రా నుంచి వచ్చిన మా కాలనీ కుటుంబాలకు అదొక అలవాటు. రిటైరయ్యాక కట్టబోయే ఇంటికి కావలసిన చెక్కను ఉద్యోగంలో ఉండగానే కొని మంచాల కింద ఆరబెడతారు. మా నాన్న దాచిన టేకు గుమ్మాలకు, యేగిస దేవుడి గది తలుపుకు. ఇంటికి ప్లాను కూడా గీయలేదు.

అడిగాను. నాన్న పేపర్లోంచి తల ఎత్తలేదు.

"నీ డప్పులకి నా దేవుడి తలుపే దొరికిందేట్రా?"

ఒక్క పలక చాలన్నాను. కుదరదన్నాడు. నేను వాదించకుండా మంచం కిందికి దూరి, ఓ పలక బయటికి లాగి, కిటికీ ఊచకు వేలాడదీసి తట్టాను.

పేపరు కిందికి దిగింది. నాన్న పనిచేసేది క్రషింగ్ ప్లాంట్‌లో. బేరింగ్ అరిగిందంటే చప్పుడును బట్టే పట్టేస్తాడు. "మళ్లీ కొట్టు" అన్నాడు. తర్వాత తనే లేచి ఇంకో పలక లాగాడు. ఆ తర్వాత ఇంకోటి. ఇల్లంతా చెక్కలు పరుచుకున్నాయి. నేను ఫోన్‌లో అంకెలు చదువుతుంటే ఆయన చెయ్యెత్తి నన్ను ఆపి, మోత ఆగేదాకా వినేవాడు. చివరికి అన్నిటికన్నా పొడవైన పలకను, నేను అడగడానికే జంకినదాన్ని, నా ముందు నిలబెట్టాడు.

"ఇది పలుకుతోంది."

"ఇది తీసేస్తే తలుపు పొట్టిదైపోద్ది నాన్నా."

"అయితే ఏటి? దేవుడి దగ్గరికే కదా, వంగుని ఎల్తాం."

మర్నాడు వడ్రంగి దగ్గరికి స్కూటర్ నేను నడిపాను. నాన్న వెనక కూర్చుని పలకను ఒళ్లో పెట్టుకున్నాడు. దారి పొడవునా నా వీపు వెనక ఆయన వేళ్లు దాని మీద ఆడుతూనే ఉన్నాయి.