బండి ఱ ఉన్న కార్డు

సోమవారం పొద్దున మా పాపకు టాన్సిల్స్ ఆపరేషన్. కాస్త ధైర్యం వస్తుందని శనివారం సినిమాకి తీసుకెళ్ళాను. ఆ తెలివితక్కువ పని నాదే.

పిల్లల కథలు రాసిన ఒక పెద్దాయన జీవితం మీద తీసిన సినిమా అది. ఆయన కథలంటే మా ఇద్దరికీ ప్రాణం. పైగా నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ దవాఖానలో ఉంటే, భయంతో ఆయనకు ఉత్తరం రాశాను. జవాబుగా కార్డు వచ్చింది. "భయపడకు తల్లీ. మన గుఱ్ఱానికి ఇంటి దారి తెలుసు." ఆయన కథలో గుఱ్ఱం ఎంత దూరం పోయినా ఇంటికి తిరిగొస్తుంది. మా అమ్మ కూడా వచ్చింది. ఆ కార్డు ఇప్పుడు పుప్పాలగూడలో మా ఫ్లాటు బీరువాలో ఉంటుంది. అందులోని బండి ఱ అంటే పాపకు మహా ముచ్చట. ఆపరేషన్‌కు దాన్ని పట్టుకునే వెళ్తానంది.

సినిమా మొదలైన కాసేపటికే నాకు ఒళ్ళు మండింది. అతికించిన మీసం ఒకటి, మాట మాటకూ వెనక వయొలిన్ ఒకటి. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టడమే నా పని, ఇక్కడా అదే చేస్తూ కూర్చున్నాను. ఇంతలో ఆయన కథలు వేసే పత్రిక ఆఫీసు సీను వచ్చింది. ఒక గుమాస్తా, గుట్టగా పడున్న పిల్లల ఉత్తరాలకు జవాబులు రాస్తున్నాడు. ప్రతి కార్డు మీదా అదే మాట, భయపడకు. కింద పెద్దాయన సంతకం కూడా తనే గీకేస్తున్నాడు. పాప వైపు చూడాలంటేనే భయమేసింది.

"అమ్మా, నీ కార్డు గూడ గా గుమాస్తనే రాసిండా?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. "ఏమో బిడ్డా, నాకు తెల్వదు" అన్నాను.

ఇంటికొచ్చాక బీరువాలోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టింది. "నాకొద్దు ఇది." ఆదివారమంతా అల్లరి లేదు, పేచీ లేదు. చిన్న ఆపరేషనే అని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా నాకు అన్నం సహించలేదు.

సోమవారం దవాఖానలో గౌను తొడిగాక పాప నా చున్నీ పట్టుకుంది. "అమ్మా, నువ్వు రాయ్. నువ్వు రాస్తుంటే నేను చూస్త."

మందుల చీటీ వెనక అవే రెండు వాక్యాలు రాశాను. బండి ఱ వంకరపోయింది.

"నీకు భయమైతుందా అమ్మా?"

"అయితుంది బిడ్డా. బాగా అయితుంది."

ఆ మాట విన్నాకే పాప చీటీని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. స్ట్రెచర్ లోపలికి వెళ్ళిపోయింది.

రెండు నిమిషాలకే నర్సు తలుపు తీసింది. నాకు ప్రాణం పోయినంత పనైంది.

"కాగితాలు లోపలికి రానివ్వరండీ. మా అమ్మకివ్వండి అంది పాప" అని చీటీ నా చేతిలో పెట్టి తలుపు మూసేసింది.

కుర్చీలో కూర్చున్నాను. మడత విప్పి, నా రాతే నేను మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. భయపడకు తల్లీ.